సిరిమాను నాడు ఫర్నేసు దగ్గర ఎవరూ లేరు

మాస్టారు ఆ స్ఫటికాన్ని ఏదో పరాయి దేశం నుంచి పార్సిల్లో తెప్పించుకుని, తన ఫర్నేసులో పుట్టిందని చెప్పుకున్నారని మీరు వినే ఉంటారు. విజయనగరంలో ఫిజిక్స్ చదివిన వాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు విన్న కథే. మొన్న, మాస్టారి దగ్గర నాతోపాటు రీసెర్చి చేసిన సింహాచలం ప్రిన్సిపాల్ అయ్యాడని సన్మానం చేస్తే, మైకు ముందు నిలబడి అతనూ అదే చెప్పాడు. "మా గురువుగారి ఫర్నేసు ఒక్కసారే ఈనింది, ఆ దూడ కూడా పక్కింటిదే" అన్నాడు. హాలంతా నవ్వింది. నేను రెండో వరసలో ఉన్నాను. నవ్వలేదు. లేచి కాదనలేదు కూడా. ఎవరేం మాట్లాడినా అడ్డం తగలందే అన్నం సహించదని పేరున్న దాన్ని, ఆ ఒక్క మాటకి నోరు తెరవలేకపోయాను.

(అతని అసలు పేరు సింహాచలం కాదు. మా వైపు వీధికొక సింహాచలం ఉంటాడు కాబట్టి ఆ పేరు పెట్టాను. చదివితే తన గురించేనని అతనికి తెలుస్తుంది. అది చాలు.)

ఆ కథ అబద్ధం. స్ఫటికం విజయనగరంలోనే పుట్టింది, మా కాలేజీ వెనక గుర్రాల కొట్టాన్ని బాగుచేసి ఇచ్చిన గదిలో. నాకెలా తెలుసంటారా? అది పుట్టడానికి కారణం నేను. మాస్టారు పరువు పోవడానికి కారణం కూడా నేనే. ఈ రెండూ ఒకే మధ్యాహ్నం జరిగాయి. మొదటిది తెలియక చేశాను. రెండోది తెలిసి చేశాను, చేస్తూనే ఉన్నాను, ఇన్నేళ్లుగా. ఈ బరువు రోజూ తెలిసేది కాదు. ఎవరైనా ఆయన పేరెత్తినప్పుడు తెలుస్తుంది. ఆయన పేరెత్తేవాళ్లు తగ్గిపోతున్నారు. బరువు మాత్రం తగ్గలేదు.

మాస్టారిది శ్రీముఖలింగం దగ్గర పల్లె. వాళ్ల ఇంట్లో నాగలి వదిలి పుస్తకం పట్టిన మొదటి మనిషి. ఎమ్మెస్సీ అయ్యి నేను రీసెర్చికి వస్తానంటే డిపార్టుమెంటులో పెద్దలు ఒప్పుకోలేదు. ఆడపిల్ల, పైగా నోరున్న పిల్ల, రెండూ ఒకే గదిలో ఎలా భరిస్తామన్నారు. మాస్టారు ఒక్కరే, "నోరుంటే మంచిదే కదేటి. ఫర్నేసు మాటాడదు, మనలో ఒకరైనా మాటాడాల" అన్నారు. నా బతుకు ఆ మాట మీద నిలబడింది. ఇవాళ నేను తింటున్న అన్నం ఆ మాటదే. ఇది ముందే చెప్తున్నాను. తరవాత చెప్పేది చదివాక, ఈవిడకి కృతజ్ఞత కూడానా అని మీరు అనుకోవచ్చు. అనుకోండి. ఆ కృతజ్ఞత ఉంది కాబట్టే ఇది ఇంత బరువైంది.

మేం చేసిన పని చెప్పాలి. భయపడకండి, లెక్కలు లేవు. కొన్ని అయస్కాంత పదార్థాల్లో కరెంటు పారదు. వాటిలో ఎలక్ట్రాన్లు ఎక్కడివక్కడ కట్టేసినట్టు ఉంటాయి. కాని ఒక్కో ఎలక్ట్రాన్‌కీ స్పిన్ అని ఒక గుణం ఉంటుంది, చిన్న బొంగరం అనుకోండి. బొంగరాలన్నీ ఒకే దిక్కుకి తిరిగి నిలబడి ఉంటాయి. ఒకదాన్ని కాస్త ఒరిగిస్తే పక్కది ఒరుగుతుంది, దాని పక్కది ఒరుగుతుంది. ఏదీ చోటు వదలదు, ఒరుగుడు మాత్రం అలలా ఆ కొసకి చేరుతుంది. అదే స్పిన్ తరంగం. "కరెంటు పారని రాయిలో ఇంకోటేదో పారతన్నాది. అదేటో సూడాల" అనేవారు మాస్టారు. ఏనాటికైనా తీగలో కరెంటు చేసే పని ఈ ఊపు చేస్తుందని ఆయన ఆశ. అప్పట్లో ఆ ఆశకి నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ ఊపు ఎంతసేపు బతుకుతుంది? మా ప్రశ్న అంతే. స్ఫటికంలో పగులో మలినమో ఉంటే ఊపు అక్కడ చెదిరిపోతుంది. అందుకని లోపం లేని స్ఫటికం కావాలి, నూరి గుండ్రటి పూస చేసుకునేంత పెద్దది. ఆ పూసని అయస్కాంతం మధ్య పెట్టి మైక్రోవేవులు పంపితే ఒక చోట వాటిని మింగుతుంది. కాగితం మీద గీస్తే అక్కడ ఒక శిఖరం వస్తుంది. శిఖరం సన్నగా ఉంటే ఊపు చాలాసేపు బతికినట్టు. వెడల్పుగా ఉంటే తొందరగా చచ్చినట్టు.

స్ఫటికం పెంచడం అంటే వంట లాంటిదే, కాకపోతే వారాల తరబడి వంట. పొడుల్ని సీసపు లవణాలతో కలిపి ప్లాటినం మూసలో కరిగించాలి. ఆ మూస మాది కాదు, ఉత్తరాదిలో ఒక పెద్ద ప్రయోగశాల వాళ్లు మాస్టారి మీద నమ్మకంతో వాడుకోమని ఇచ్చింది. కరిగినదాన్ని గంటగంటకీ రవ్వంత చొప్పున చల్లార్చుకుంటూ రావాలి. అందులోంచి మెల్లిగా స్ఫటికాలు కడతాయి. తనంతట తాను చల్లారే ఫర్నేసు మాకెక్కడిది? కరెంటు తగ్గించే వేరియాక్ పక్కన మనిషి కూర్చుని, వేడి చూపించే ముల్లు మీద కన్నేసి, మీట చేత్తో తిప్పాలి. ఊళ్లో జూట్ మిల్లులు నడుస్తుంటే వోల్టేజి పడిపోయేది, మీట పైకి తిప్పేవాళ్లం. మిల్లులు ఆగితే వోల్టేజి ఎగిసేది, కిందికి తిప్పేవాళ్లం. మాస్టారు, సింహాచలం, నేను వంతులేసుకునేవాళ్లం. నా వంతు పొద్దుపోయాక పడితే మాస్టారి భార్య మాణిక్యమ్మగారు చోడంబలి గిన్నె పట్టుకుని నాకు తోడొచ్చేవారు. ఆవిడ ఒక్కనాడు విసుక్కోలేదు. ఇంత చేసినా మూసలోంచి వచ్చేవి ఆవగింజలు. ప్రతిసారీ ఆవగింజలే.

ఆ ఏడు దసరా వెళ్లిన మంగళవారం, ఎప్పటిలాగే, పైడితల్లమ్మ సిరిమాను. చుట్టుపక్కల పల్లెలన్నీ విజయనగరంలో దిగే రోజు. ఫర్నేసు మాత్రం పండగ చూసి ఆగదు కదా. మధ్యాహ్నం వంతు ఎవరిది? నేనే అన్నాను. మాను చివర మనిషిని కూర్చోబెట్టి ఊరేగిస్తుంటే నోరెళ్లబెట్టుకుని చూడ్డానికి నాకేం పని, మీరెళ్లండి, కనీసం ఒకళ్లమైనా సైన్సు చదివినట్టు ఉందాం అన్నాను. ఇంకా చాలా అన్నాను. మాణిక్యమ్మగారికి అమ్మవారి మొక్కు ఉంది, ఆవిడ వింటుండగానే అన్నాను.

"సూద్దాం లాయరమ్మా, డప్పు మోగితే కాలు ఆగతాదో ఆగదో" అన్నాడు సింహాచలం.

"కాలు నాది. నీకెందుకు?" అన్నాను.

డప్పు మోగింది. కాలు ఆగలేదు.

దీనికి కారణాలు చెప్పగలను. చిన్నప్పుడు శృంగవరపుకోట నుంచి బస్సులో తీసుకొచ్చి మా మావయ్య నన్ను భుజాల మీద ఎక్కించుకుని సిరిమాను చూపించేవాడు. ఆ గదిలో ఒంటరిగా కూర్చుంటే ఊరంతా ఒకవైపు, నేనొకదాన్నీ ఒకవైపు అనిపించింది. ఇవన్నీ నిజాలే. కాని కారణాలు కావు. వెళ్లాలనిపించింది, వెళ్లాను. అరగంటలో వచ్చేస్తాననుకున్నాను.

కోట వైపు వీధిలో జనం మధ్య ఇరుక్కున్నాను. సిరిమాను రావడం కనిపించింది, ఇళ్ల కప్పుల మీదుగా, అంత ఎత్తున పూజారి కూర్చుని. అందరూ అరటిపళ్లు విసురుతున్నారు. ఒకటి నా భుజం మీద పడి చితికింది. కాలు తీసి కాలు పెట్టే చోటు లేదు. అయినా మాను దగ్గర ఎవరో ఒరిగితే ఆ ఒరుగుడు మనిషి నుంచి మనిషికి వచ్చి నన్ను తాకి, నా వెనకున్నావిడని ఒరిగించి, వీధి చివరికి పోతోంది. ఏ మనిషీ చోటు కదల్లేదు. ఊపు మాత్రం పోతోంది. రెండేళ్లుగా సూత్రాలు రాస్తున్నాను గాని, స్పిన్ తరంగం అంటే ఏమిటో నాకు ఒంటికి తెలిసింది అక్కడ. చాలా సంతోషపడ్డాను. అదీ ఒప్పుకోవాలి. ఫర్నేసు గుర్తుకే రాలేదు. గుర్తొచ్చాక బయటపడదామంటే దారి లేదు. మాను కోటకీ గుడికీ మధ్య తిరగడం అయిపోయి జనం పలచబడే దాకా అక్కడే ఉండిపోయాను.

వచ్చేసరికి ఫర్నేసు తలుపు సందులోంచి వచ్చే వెలుగు రంగు మారి ఉంది. నారింజరంగులో ఉన్నప్పుడు వదిలి వెళ్లాను, పసుపెక్కి ఉంది. పండగకి మిల్లులన్నీ మూసేశారు, ఊళ్లో వోల్టేజి అంతా మా ఫర్నేసులోకే ఎగదన్నింది. చల్లారాల్సినది వేడెక్కింది. మీట కిందికి తిప్పాను. ఆ వేళకి ఎంత వేడి ఉండాలో అక్కడికి మెల్లిగా దించాను. అరటిపండు మరక కనపడకుండా పైట మార్చుకున్నాను. సింహాచలం వంతుకొచ్చి, "ఆగిందేటి కాలు?" అన్నాడు. ఆగిందన్నాను. నా వంతులో మూసలో ఉన్నదంతా పాడైపోయిందనుకున్నాను. ఎలాగూ ఆవగింజలే కదా, ఒకసారి అవీ రావు, అంతే కదా అనుకున్నాను.

మూస చల్లారాక సీసాన్ని యాసిడ్‌లో కరిగిస్తే లోపల మూడే మూడున్నాయి. వాటిలో ఒకటి శనగగింజంత. నల్లగా, పలకలు తేలి, అద్దంలా. మాస్టారు నేల మీద చతికిలబడిపోయారు. మాణిక్యమ్మగారిని పిలిపించి, "ఇదిగోనే, సూడు" అని ఆవిడ అరచేతిలో పెట్టారు. ఆవిడ దాన్ని కళ్లకద్దుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉంటుందా? అప్పుడు చెప్తే అందరూ నవ్వేవాళ్లు. నన్ను నాలుగు రోజులు ఏడిపించేవాళ్లు. అంతే. ఆ ఏడిపించడం పడలేక ఊరుకున్నాను. అమ్మవారి పండగని వెక్కిరించి, దొంగతనంగా దానికే పరిగెత్తానని సింహాచలం ముందు ఒప్పుకోవడం. అంత చిన్న విషయం.

పూస నూరి పెడితే శిఖరం సూదిలా వచ్చింది. మాస్టారు దాన్ని ఫిజిక్స్ వాళ్ల సభకి తీసుకెళ్లి చూపించారు. మూస ఇచ్చినవాళ్లు ఎంతో మెచ్చుకుని, ఇంకొకటి పెంచి పంపండి అన్నారు. అక్కణ్ణుంచి మొదలైంది. అవే పొడులు, అదే మూస, అదే వేగం. ఆవగింజలు. మళ్లీ పెట్టాం. ఆవగింజలు. మాస్టారు వోల్టేజి కదలకుండా పట్టే పెట్టె తెప్పించారు. మమ్మల్ని తప్పించి ఎక్కువ వంతులు తనే కూర్చున్నారు. జాగ్రత్త పెరిగేకొద్దీ గింజలు ఇంకా సన్నబడ్డాయి.

ఒక మధ్యాహ్నం ఆయన స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. ఎర్రటి కళ్లు. ఈ సంభాషణ నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

"అమ్మాయ్, సిరిమాను నాడు నీ వంతు కదా. ఫర్నేసు ఏటైనా తేడా సేసిందా?"

"లేదు మాస్టారూ."

"బాగా గేపకం తెచ్చుకో. ఓ పాలి ముల్లు గెంతడం గాని, కరెంటు పోవడం గాని."

"ఏమీ అవలేదు. నేను కదల్లేదు."

ఆయన మొహం కడుక్కున్నట్టు చేత్తో తుడుచుకున్నారు. "నువ్వు కదలవని నాకు తెల్దేటి. నిన్నడగడవేటి, నా బుద్ధి అలగైపోయింది. ఏటీ అనుకోకు" అన్నారు.

నన్ను క్షమాపణ అడిగారు. అర్థమవుతోందా మీకు? ఆయన, నన్ను.

ఎందుకు చెప్పలేదు? నాకు నేను చెప్పుకున్న జవాబు ఒకటుంది, చాలా గొప్పగా ఉంటుంది. ఆడదాన్ని ఫర్నేసు దగ్గర కూర్చోబెడితే ఇంతేనని పెద్దలంటారు, నా వెనక వచ్చే ఆడపిల్లలకి ఆ తలుపు మూసుకుపోతుంది. ఈ మాట చాలా ఏళ్లు నన్ను కాపాడింది. ఇందులో అబద్ధం లేదు కూడా, అన్నా అని ఉంటారు. కాని ఆ స్టూలు మీద కూర్చున్న మనిషి ఎదట నాకు వెనకొచ్చే ఆడపిల్లలెవరూ గుర్తురాలేదు. ఆయన దృష్టిలో కదలని మనిషిని నేను. అది పోగొట్టుకోలేకపోయాను.

పెద్ద ప్రయోగశాల వాళ్లు మూస వెనక్కి అడిగారు. ఎవరూ మొహం మీద ఏమీ అనలేదు. పార్సిలు కథ అప్పుడే పుట్టింది. మాస్టారు శ్రీకాకుళం వెళ్లిపోయి చిన్న క్లాసులకి పాఠాలు చెప్పుకున్నారు. వెళ్లేముందు నా ఉద్యోగం కోసం ముగ్గురు నలుగురి గుమ్మాలెక్కారు. ఇప్పటికీ నేను చేస్తున్న ఈ లెక్చరరు ఉద్యోగం అదే.

నేను చేసిందేమిటో నాకు పూర్తిగా తెలిసింది ఆ తరవాత ఎప్పుడో, ఒక బీకరు వల్ల. పిల్లలకి చూపించడానికి పటిక స్ఫటికాలు పెడితే, ఎవరో బీకరు తీసి ఎండ పడే కిటికీలో పెట్టారు. మధ్యాహ్నానికి నీళ్లు వేడెక్కి చిన్న గింజలన్నీ కరిగిపోయాయి. ఒకటి మిగిలింది. సాయంత్రం నీళ్లు చల్లారుతుంటే, కరిగినదంతా ఆ ఒక్కదాని మీదే పేరుకుని పెద్దదైంది. చేతిలో చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. సిరిమాను నాడు జరిగింది ఇదే. వేడెక్కి వందల గింజలు చచ్చిపోయి మూడు మిగిలాయి. మాస్టారు ఎంత జాగ్రత్తగా చూస్తే అంతగా ఆ వందల్నీ బతికించుకున్నారు. ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన వారంలో పట్టేసేవారు. అంత తెలివైన మనిషి. ఆయనకి లేనిదల్లా నా దగ్గరున్న ఆ ఒక్క మాట.

అప్పటికి ఆయన ఉద్యోగం మానేసి ఊరెళ్లిపోయారు. బస్సెక్కి వెళ్లాను. వంశధార ఒడ్డున వాళ్ల పొలం. చెప్పాలనే వెళ్లాను, దారంతా వాక్యాలు కూర్చుకున్నాను. ఆయన నన్ను చూసి గట్టు మీంచి దిగొచ్చి, "ఇంకా అందరితోటీ తగువులాడతన్నావా, తగ్గించీసినావా?" అన్నారు. మాణిక్యమ్మగారు అన్నం పెట్టారు. నా శిష్యురాలు, లెక్చరరు అని దారిన పోయేవాళ్లకి చూపించారు ఆయన. సాయంత్రం బస్సుకి వచ్చేశాను. ఆయన సంతోషాన్ని పాడుచెయ్యడమెందుకని ఊరుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నమ్మకండి. నన్ను చూడగానే ఆయన మొహంలో వచ్చిన వెలుగు నాకు కావాలి, అందుకు ఊరుకున్నాను. ఆ పై ఏడాది ఆయన పోయారు. తరవాత ఆవిడా పోయారు.

ఇప్పుడు రాస్తున్నాను. ఇది ఎవరికి మేలు? ఆయనకి కాదు. నాకా? కావచ్చు. ఈ నాలుగు పేజీలు రాశాక నా చెయ్యి కొంచెం తేలిగ్గా ఉంది, అంతవరకే. నన్ను ఓదార్చకండి, వయసులో పొరపాటు అనకండి. అంటే మీతో కూడా తగువుకొస్తాను. సింహాచలం మాత్రం ఇది చదవాలి. మళ్లీ ఎక్కడైనా ఆ దూడ మాట అంటే, ఈసారి నేను కూర్చుని ఉండను.

ఆయన నాకిచ్చినవి తలుచుకుంటే లెక్క తేలదు. ఉద్యోగం అందులో చిన్నది. ఒక రాయిలోపల, ఎవరికీ కనపడని చోట, ఒక ఊపు ఎంతసేపు బతుకుతుందని ఒక మనిషి నిద్ర మానుకుని కూర్చోవచ్చని ఆయన్ని చూశాకే నాకు తెలిసింది. అలా కూర్చోవడం సిగ్గుపడే పని కాదని కూడా. ఇప్పటికీ క్లాసులో స్పిన్ తరంగం చెప్పేటప్పుడు పిల్లల్ని భుజానికి భుజం ఆనించి నిలబెట్టి, చివరివాణ్ణి ఒరగమంటాను. ఆ చివర పిల్ల ఒరగ్గానే క్లాసంతా నవ్వుతుంది. ఆ నవ్వు ఆయనదే అనుకుంటాను. ఆయనకి రావాల్సింది అంతకంటే చాలా ఉంది, తెలుసు.

ఇంకొకటి మిగిలింది. ఇంతసేపు దాటవేశాను. ఆ సాయంత్రం పరిగెత్తుకొచ్చి మీట కిందికి తిప్పే ముందు నేను ముల్లు చూడలేదు, వెలుగు మళ్లీ నారింజరంగుకి దిగాకే చూశాను. కావాలనే చూడలేదు. చూస్తే ఎంత తప్పు చేశానో తెలుస్తుంది, తెలిస్తే చెప్పాల్సొస్తుంది. వేడి ఎంతదాకా ఎక్కిందో నాకు ఈనాటికీ తెలీదు. మాస్టారు ఉండి, నేను ధైర్యం చేసి చెప్పి ఉంటే, ఆయన ముందు నామీద కోప్పడేవారా, లేక స్టూలు ముందుకి లాక్కుని "ఎంతదాకా ఎక్కిందే?" అనే అడిగేవారా?